గేమ్ చేయాలంటే ఏ భాష పట్టుకోవాలి?

ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు గేమ్ ప్రోగ్రామింగ్ గురించినవే. ఒకే అర్థం వచ్చే ప్రశ్నల్ని కలిపి ఒకటిగా ఇస్తున్నాం. కొన్నిటికి నాలుగు మాటలు చాలు. కొన్నిటికి లెక్కతో సహా చెప్పాల్సి వచ్చింది, అలాంటిచోట కాస్త ఓపికగా చదవండి.

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ప్రోగ్రామింగ్ ఇంతవరకు ముట్టుకోలేదు. గెంతుతూ, శత్రువుల్ని తప్పించుకుంటూ సాగే టూడీ గేమ్ ఒకటి సొంతంగా చేయాలని ఉంది. సీ ప్లస్ ప్లస్ లేనిదే గేమ్ లేదంటాడు ఒక స్నేహితుడు, పైథాన్ చాలంటాడు ఇంకొకడు. ఏది నేర్చుకోవాలి?

జవాబు: గేమ్‌ల విషయంలో ముందు ఎంచుకోవాల్సింది భాషను కాదు, ఇంజిన్‌ను. బొమ్మను తెర మీద గీయడం, శబ్దం వినిపించడం, రెండు వస్తువులు ఢీకొన్నాయో లేదో లెక్కగట్టడం, చివరికి ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో నడిచే ఫైల్ తయారుచేయడం, ఇవన్నీ ఇంజిన్ చూసుకుంటుంది. భాష దాని వెంటే వస్తుంది. యూనిటీ తీసుకుంటే సీ షార్ప్. అన్‌రియల్ అయితే సీ ప్లస్ ప్లస్, దానితోపాటు గడుల్ని తీగలతో కలుపుతూ పోయే బ్లూప్రింట్. గోడో అయితే జీడీస్క్రిప్ట్ లేదా సీ షార్ప్. గేమ్‌మేకర్‌కు జీఎంఎల్ అని సొంత భాష ఉంది. రోబ్లాక్స్‌లో లువా నుంచి పుట్టిన లువావ్.

మీరు చెప్పినదాన్ని బట్టి మా సలహా ఒక్కటే: గోడో, జీడీస్క్రిప్ట్. ఒంటరిగా చేసే టూడీ గేమ్‌కు, కొత్తగా నేర్చుకునేవారికి ఇంతకంటే సులువైన దారి మాకు కనిపించడం లేదు. ఇంజిన్ చిన్నది, పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. కోడ్ రాసే చోటు, బొమ్మలు అమర్చే చోటు ఒకే కిటికీలో ఉంటాయి. ఫోన్ గేమ్‌ల కంపెనీలో ఉద్యోగం కూడా మనసులో ఉంటే మాత్రం యూనిటీ, సీ షార్ప్ వైపు వెళ్లండి. మొదటి నెల కాస్త బరువుగా ఉంటుంది, కానీ ఆ శ్రమ తర్వాత పనికొస్తుంది.

గెంతుడు గేమ్ అన్నారు కాబట్టి మొదటి వారంలోనే ఎదురయ్యే చిక్కు ఒకటి దగ్గరగా చూద్దాం. గురుత్వం అంకె ఒకటి, గెంతు వేగం అంకె ఒకటి ఊహించి పెట్టి, బాగాలేదని మారుస్తూ గంటలు గడిపేస్తుంటారు చాలామంది. అలా అక్కర్లేదు. ఎంత ఎత్తు గెంతాలి, ఆ ఎత్తుకు చేరడానికి ఎంతసేపు పట్టాలి, ఈ రెండూ మీరు నిర్ణయించుకోండి. ఎత్తును రెండింతలు చేసి సమయం వర్గంతో భాగిస్తే గురుత్వం వస్తుంది. అదే రెండింతల ఎత్తును సమయంతో భాగిస్తే గెంతు వేగం వస్తుంది. నేలను పేర్చే పలక (టైల్) సైజు 16 పిక్సెళ్లు, మూడు పలకల ఎత్తు గెంతాలి అనుకుందాం. ఎత్తు 48. పైకి చేరడానికి 0.4 సెకన్లు. 96ని 0.16తో భాగిస్తే గురుత్వం 600. 96ని 0.4తో భాగిస్తే వేగం 240. గోడోలో ఈ 240ని మైనస్ 240గా రాయాలి, ఎందుకంటే టూడీ తెర మీద వై విలువ కిందికి దిగేకొద్దీ పెరుగుతుంది. ఈ గుర్తు మరిచిపోతే గెంతు మీట నొక్కినా పాత్ర నేలను అంటిపెట్టుకునే ఉంటుంది. కోడ్ అంతా సరిగ్గానే కనిపిస్తుంది కాబట్టి తప్పు ఎక్కడుందో ఓ పట్టాన దొరకదు.

రెండో చిక్కు, అంచు. తెర మీద సెకనుకు సుమారు 60 సార్లు గీసే బొమ్మల్లో ఒక్కోదాన్ని ఫ్రేము అంటారు. పాత్ర అంచు దాటిన ఒకటి రెండు ఫ్రేములకు మీట నొక్కితే గెంతదు. ఆడేవారికి తాము సమయానికే నొక్కామని గట్టి నమ్మకం, గేమ్ మోసం చేసిందనుకుంటారు. నేల విడిచాక 0.1 సెకను దాకా, అంటే దాదాపు 6 ఫ్రేములు, గెంతు అనుమతించండి. నేలను తాకడానికి 0.1 సెకను ముందు నొక్కినా దాన్ని గుర్తుపెట్టుకుని, తాకగానే గెంతించండి. రెండు వేరియబుల్స్, రెండు షరతులు. గేమ్ చేతికి హాయిగా ఉందనిపించడంలో సగం పాలు వీటిదే. ఇవి ఏ భాషలో రాసినా ఇంతే పని.

జీడీస్క్రిప్ట్‌లో లైను మొదట ఉండే ఖాళీ స్థలానికి అర్థం ఉంటుంది. ట్యాబ్, స్పేస్ కలగలిపితే కోడ్ నడవదు. ఎక్కడినుంచో తెచ్చి అతికించిన కోడ్ నడవకపోతే మొదట చూడాల్సింది అదే.

ప్రశ్న: కాలేజీలో పైథాన్ నేర్పారు, బాగానే వచ్చు. పైథాన్‌లో గేమ్‌లు చేసే పైగేమ్ లైబ్రరీతో షూటింగ్ గేమ్ మొదలుపెట్టాను. తెర మీద శత్రువులు, తూటాలు కలిపి నాలుగైదు వందలు దాటేసరికి నత్తనడక నడుస్తోంది. పైథాన్ వదిలేయాలా?

జవాబు: వదిలే ముందు లెక్క చూడండి. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేముకు 16.67 మిల్లీసెకన్లే గడువు. ఈలోపు అన్నిటినీ కదిపి, ఢీకొన్నవి కనిపెట్టి, బొమ్మ గీయడం పూర్తికావాలి. 500 వస్తువుల్లో ప్రతిదాన్నీ మిగతా ప్రతిదానితో పోలిస్తే 1,24,750 జతలు. సెకనుకు 60 సార్లు అంటే దాదాపు 75 లక్షల పోలికలు. పైథాన్ ఒక్కో ఆజ్ఞనూ చదువుకుంటూ నడిపే భాష, ఇంత పని దానికి మించినది. సీ ప్లస్ ప్లస్ ఈ పనిని లాక్కెళ్తుంది గానీ, వస్తువులు 5,000 అయితే అది కూడా చతికిలపడుతుంది.

అందుకే ముందు పోలికలు తగ్గించండి. 1280 బై 720 తెరను 64 పిక్సెళ్ల గళ్లుగా విడగొడితే సుమారు 240 గళ్లు వస్తాయి. ప్రతి ఫ్రేమ్ మొదట్లో ఏ వస్తువు ఏ గడిలో ఉందో పైథాన్ డిక్షనరీలో (పేరుకు ఎదురుగా విలువ దాచే పట్టికలో) రాసుకోండి. ప్రతి వస్తువునూ తన గడిలో, చుట్టూ ఉన్న 8 గళ్లలో ఉన్నవాటితోనే పోల్చండి. వస్తువులు తెరంతా పరుచుకుని ఉంటే జతలు ఐదు వేల లోపుకు దిగుతాయి. గడి సైజు మీ అతిపెద్ద వస్తువు కంటే చిన్నది కాకుండా చూసుకోండి. చిన్నదైతే పెద్ద శత్రువు రెండు గళ్ల అవతలికి కూడా విస్తరించి, దానికి తగలాల్సిన తూటాలు తగలకుండా పోతాయి. తూటాలు ఒకదాన్నొకటి ఢీకొనాల్సిన పని లేదు కదా, వాటి మధ్య పోలిక మొత్తంగా తీసేయండి.

ఇంకో రెండు తప్పులు కూడా పైగేమ్‌లో తరచూ కనిపిస్తాయి. ఒకటి, బొమ్మ ఫైలును లూప్ (ప్రతి ఫ్రేముకూ మళ్లీ నడిచే కోడ్) లోపల తెరవడం. అది లూప్ మొదలుకాకముందే ఒక్కసారి జరగాలి. రెండు, తెరిచిన బొమ్మను తెర రూపానికి మార్చకపోవడం. పారదర్శకత ఉన్న బొమ్మలకు కన్వర్ట్ ఆల్ఫా, లేనివాటికి కన్వర్ట్ అన్న ఫంక్షన్ పిలిస్తే చాలు. పిలవకపోతే గీసిన ప్రతిసారీ రంగుల రూపం మార్చుకుంటూ కూర్చుంటుంది.

ఇవన్నీ చేశాక కూడా పైథాన్‌కు హద్దులున్నాయి. ఫోన్‌లోకి పంపడం తలనొప్పి వ్యవహారం, గేమింగ్ కన్సోళ్ల మాట అసలే వద్దు. మాటలు, ఎంపికలతో నడిచే కథా గేమ్ అయితే మాత్రం పైథాన్ మీద నడిచే రెన్‌పై చక్కటి సాధనం. షూటింగ్ గేమ్‌ను ప్రపంచానికి ఇవ్వాలనుకుంటే, ఇది పూర్తిచేసి తర్వాతిది గోడోలో మొదలుపెట్టండి. జీడీస్క్రిప్ట్ చూడ్డానికి పైథాన్‌లాగే ఉంటుంది, ఓ వారంలో చేయి తిరుగుతుంది. అయితే అది పైథాన్ కాదు. నమ్‌పై లాంటి పైథాన్ లైబ్రరీలు అందులో పనిచేయవు.

ప్రశ్న: నా గేమ్‌లో పాత్ర నా ల్యాప్‌టాప్‌లో మామూలుగా నడుస్తుంది. స్నేహితురాలి కంప్యూటర్‌లో పరుగులు తీస్తుంది. ఇది నేను వాడుతున్న భాష లోపమా? వేరే భాషలోకి మారితే పోతుందా?

జవాబు: పోదు. ఏ భాషలోకి మారినా మీ వెంటే వస్తుంది. మీరు బహుశా ఫ్రేముకు 5 పిక్సెళ్లు అని రాసి ఉంటారు. మీ తెర సెకనుకు 60 సార్లు మారుతుంది, పాత్ర సెకనుకు 300 పిక్సెళ్లు నడుస్తుంది. ఆవిడ తెర 144 సార్లు మారేదైతే 720 నడుస్తుంది. వేగాన్ని సెకనుకు ఇన్ని పిక్సెళ్లు అని పెట్టుకుని, గత ఫ్రేమ్ నుంచి గడిచిన సమయంతో, అంటే డెల్టాతో గుణించండి. 300 ఇంటూ డెల్టా. అప్పుడు రెండు చోట్లా ఒకే వేగం.

చెప్పడానికి ఇంత చిన్న విషయమే అయినా, ఎక్కడ గుణించాలో ఎక్కడ గుణించకూడదో తెలియక ఇబ్బంది పడతారు. గోడో 4లో మూవ్ అండ్ స్లయిడ్ ఫంక్షన్ డెల్టాను తనే లెక్కలోకి తీసుకుంటుంది. మీరు దానికిచ్చే వేగాన్ని ముందే డెల్టాతో గుణిస్తే పాత్ర అరవయ్యో వంతు వేగంతో పాకుతుంది. గురుత్వాన్ని మాత్రం వేగానికి కలిపేటప్పుడు డెల్టాతో గుణించాల్సిందే. మౌస్ కదలికను గుణించకూడదు, ఎందుకంటే గత ఫ్రేమ్ నుంచి మౌస్ ఎంత జరిగిందో ఆ అంకెలోనే ఉంది.

కెమెరా పాత్ర వెనక మెత్తగా రావడానికి చాలామంది రాసే లైను: ప్రతి ఫ్రేమ్‌లో మిగిలిన దూరంలో పదో వంతు జరుపు. దూరం 100 పిక్సెళ్లు అనుకోండి. అర సెకను తర్వాత 60 ఫ్రేముల యంత్రంలో ఇంకా 4 పిక్సెళ్లే మిగులుతాయి, 30 ఫ్రేముల ఫోన్‌లో 20 మిగులుతాయి. ఇక్కడ పదో వంతును డెల్టాతో గుణించి సరిపెట్టుకోకూడదు. ఒకటిలోంచి, ఈ (e) అనే గణిత స్థిరాంకాన్ని మైనస్ కే ఇంటూ డెల్టా ఘాతానికి ఎత్తిన విలువ తీసేయండి. వచ్చినదే ఆ ఫ్రేమ్‌లో జరపాల్సిన వంతు. కే అంటే కెమెరా ఎంత చురుగ్గా వెంబడించాలో చెప్పే అంకె, దాన్ని 6 దగ్గర మొదలుపెట్టి మీ ఇష్టానికి సర్దుకోండి.

డెల్టాకు పై హద్దు కూడా పెట్టండి, 0.1 సెకను చాలు. కొత్త లెవెల్ లోడ్ అవుతూ రెండు సెకన్లు ఆగిందనుకోండి, ఆ తర్వాతి డెల్టా 2 అవుతుంది. పాత్ర ఒక్క గంతులో నేల కిందికి జారిపోతుంది, ఇక పడుతూనే ఉంటుంది.

వేగంగా పోయే తూటా గోడలోంచి దూరిపోవడానికీ మూలం ఇలాంటిదే. యూనిటీలో భౌతిక లెక్కలు మామూలుగా 0.02 సెకన్లకు ఒకసారి, అంటే సెకనుకు 50 సార్లు జరుగుతాయి. సెకనుకు 100 మీటర్ల వేగంతో పోయే తూటా ఒక్కో లెక్కకు 2 మీటర్లు దూకుతుంది. గోడ మందం 20 సెంటీమీటర్లే అయితే తూటా ఒకసారి గోడకు ఇవతల, మరుసటిసారి అవతల కనిపిస్తుంది. మధ్యలో గోడ ఉందని ఇంజిన్‌కు తెలియనే తెలియదు. తూటాకు కంటిన్యువస్ కొలిజన్ ఆన్ చేయండి, లేదా పాత చోటు నుంచి కొత్త చోటుకు ఒక కిరణం పంపి దారిలో ఏమైనా తగిలిందేమో చూడండి. మా ఓటు రెండోదానికే. తూటాల్లాంటి సన్నటి వస్తువులకు అదే తక్కువ ఖర్చుతో నిక్కచ్చిగా పనిచేస్తుంది.

మీటల విషయం కూడా ఇక్కడే చెప్పేద్దాం. మీట అప్పుడే నొక్కారా అన్న పరీక్షను యూనిటీలో ప్రతి ఫ్రేముకూ నడిచే అప్‌డేట్ ఫంక్షన్‌లోనే చేయాలి. భౌతిక లెక్కలప్పుడే నడిచే ఫిక్స్‌డ్ అప్‌డేట్‌లో రాస్తే కొన్ని ఫ్రేముల్లో అది అసలు నడవదు. నొక్కినా గెంతలేదన్న ఫిర్యాదులు అక్కడినుంచే వస్తాయి.

ప్రశ్న: యూనిటీలో ఫోన్ గేమ్ చేస్తున్నాను. కంప్యూటర్‌లో సాఫీగా ఉంది. ఫోన్‌లో ప్రతి మూడు నాలుగు సెకన్లకు చిన్న కుదుపు. సీ షార్ప్ నెమ్మది భాష కాబట్టి ఇలాగే ఉంటుందని, సీ ప్లస్ ప్లస్‌కు మారమని అంటున్నారు. నిజమేనా?

జవాబు: భాష నెమ్మదైతే గేమ్ మొత్తం నెమ్మదిగా ఉండాలి, ఉండుండి కుదుపు రాకూడదు. ఇది చెత్త ఏరే పని, గార్బేజ్ కలెక్షన్. సీ షార్ప్‌లో మీరు కొత్తగా సృష్టించి వదిలేసిన వస్తువులు ర్యామ్‌లో పోగవుతాయి. కుప్ప ఒక స్థాయికి చేరాక గార్బేజ్ కలెక్టర్ మిగతా పని ఆపి వాటిని ఏరుతుంది. ఆ ఏరడానికి 16.67 మిల్లీసెకన్ల గడువులో చోటు లేకపోతే మీకు కుదుపు తెలుస్తుంది. ఇప్పటి యూనిటీలో ఈ పనిని ముక్కలు ముక్కలుగా చేసే ఏర్పాటు ఉంది. దానివల్ల కుదుపు తగ్గుతుందే తప్ప చెత్త తగ్గదు.

చెత్త ఎక్కడ పుడుతోందో ఊహించకండి, కొలవండి. ఏ పనికి ఎంత సమయం, ఎంత మెమరీ పడుతోందో చూపించే ప్రొఫైలర్‌ను ఫోన్‌కు కలిపి నడిపించండి. ఎడిటర్‌లో వచ్చే అంకెలను నమ్మొద్దు, వాటిలో ఎడిటర్ సొంత ఖర్చు కలిసి ఉంటుంది. ఎవరు ఎంత చెత్త పుట్టించారో చూపే జీసీ అలాక్ అన్న నిలువు వరుసను పెద్దవి పైకి వచ్చేలా పేర్చితే దోషి పేరు దొరుకుతుంది. సాధారణంగా కనిపించేవి ఇవి: అప్‌డేట్‌లో ప్రతి ఫ్రేమ్ “స్కోరు” అన్న పదానికి అంకె కలిపి కొత్త స్ట్రింగ్ (అక్షరాల వరుస) తయారుచేయడం, ఫ్రేమ్ ఫ్రేముకూ లింక్ (LINQ) క్వెరీలతో జాబితాలు వడకట్టడం, అన్నిటికంటే ఎక్కువగా, ప్రతి తూటానూ ఇన్‌స్టాన్షియేట్‌తో కొత్తగా సృష్టించి, తగిలాక డిస్ట్రాయ్‌తో చంపడం.

స్కోరుకు మందు సులువు. అంకె మారినప్పుడే స్ట్రింగ్ మార్చండి. తూటాలకు పూల్, అంటే ముందే చేసి మళ్లీ మళ్లీ వాడుకునే నిల్వ, పెట్టాలి. సెకనుకు 10 తూటాలు, ఒక్కోటి 2 సెకన్లు బతుకుతుంది అంటే ఒకేసారి తెర మీద 20 ఉంటాయి. లెవెల్ మొదట్లోనే 30 సృష్టించి దాచేయండి. కావాల్సినప్పుడు ఒకదాన్ని లేపండి, పనయ్యాక చంపకుండా పడుకోబెట్టండి. పూల్‌తో కొత్తగా పుట్టే తప్పు ఒకటుంది, ముందే చెప్తున్నాం. లేపిన తూటాకు పాత జన్మ వాసనలు పోవు. పాత వేగం, పాత టైమర్, వెనక మెరిసే తోక అలాగే ఉంటాయి. తుపాకీ దగ్గర పుట్టాల్సిన తూటా తోక తెరకు అడ్డంగా గీతలా సాగితే కారణం అదే. లేపే ఫంక్షన్‌లోనే అన్నిటినీ సున్నా చేసి, తోకను క్లియర్ చేయండి.

మొత్తం గేమే ఫోన్‌లో కాస్త బరువుగా అనిపిస్తే ఇంకొకటి చూడండి. ఫోన్లలో యూనిటీ మామూలుగా 30 ఫ్రేములకే పరిమితమవుతుంది. టార్గెట్ ఫ్రేమ్ రేట్‌ను మీరే 60 అని పెట్టాలి.

ఇక సీ ప్లస్ ప్లస్ మాట. అక్కడ చెత్త ఏరేవాడు ఉండడు, ఏరాల్సింది మీరే. ఏరడం మరిచిపోతే ర్యామ్ నిండుతుంది. ముందే ఏరేసి మళ్లీ వాడితే గేమ్ కుప్పకూలుతుంది. తూటాల పూల్ అక్కడా రాయాల్సిందే.

ప్రశ్న: పెద్ద స్టూడియోల్లో చేరాలన్నది నా లక్ష్యం. అన్‌రియల్ మొదలుపెట్టాను, సీ ప్లస్ ప్లస్ కొత్త. నా గేమ్ నిమిషం పాటు చక్కగా నడిచి హఠాత్తుగా క్రాష్ అవుతోంది. దారి సరైనదేనా?

జవాబు: దారి సరైనదే. ఇంజిన్ లోపలి పని, గ్రాఫిక్స్, కన్సోల్ గేమ్‌లు అంటే సీ ప్లస్ ప్లస్ తప్పదు. యూనిటీ, గోడోల లోపలి భాగం కూడా సీ ప్లస్ ప్లస్‌లో రాసిందే.

నిమిషం అన్నారు చూశారా, అదే ఆధారం. అన్‌రియల్‌కు సొంత గార్బేజ్ కలెక్టర్ ఉంది, మామూలు సెట్టింగులతో అది సుమారు నిమిషానికి ఒకసారి లేస్తుంది. మీ క్లాస్‌లో ఇంకో అన్‌రియల్ వస్తువు మెమరీ చిరునామాను దాచుకునే పాయింటర్ పైన యూప్రాపర్టీ అన్న గుర్తు రాయకపోతే, ఆ వస్తువు మీకు అవసరమని దానికి తెలియదు. ఏరేస్తుంది. మీ పాయింటర్ మాత్రం పాత చిరునామానే చూపిస్తూ ఉంటుంది. తర్వాత మీరు దాన్ని ముట్టుకోగానే క్రాష్. క్లాసుల్ని ప్రకటించే మీ హెడర్ ఫైళ్లన్నీ తెరిచి, గుర్తు లేని పాయింటర్లు ఒక్కొక్కటీ చూడండి. ఎక్కువ అవకాశం అక్కడే ఉంది. హెడర్ మార్చినప్పుడు ఎడిటర్ మూసి పూర్తిగా బిల్డ్ చేయండి. నడుస్తున్న ఎడిటర్‌లోకి మార్పులు ఎక్కించే లైవ్ కోడింగ్ ఫంక్షన్ల లోపలి మార్పులకు బాగుంటుంది. కొత్త వేరియబుల్స్ చేర్చినప్పుడు దాన్ని నమ్మితే వింత వింత తప్పులొస్తాయి.

ఒక్క హెచ్చరిక. అన్‌రియల్‌లో రాసే సీ ప్లస్ ప్లస్ మామూలు సీ ప్లస్ ప్లస్ కాదు. స్ట్రింగులు, జాబితాలు, మెమరీ పద్ధతి అన్నీ దానివే. ఇంటర్వ్యూలో మామూలు భాషే అడుగుతారు. కాబట్టి పక్కన చిన్న గేమ్ ఒకటి రేలిబ్, ఎస్‌డీఎల్ లాంటి లైబ్రరీతో, ఇంజిన్ లేకుండా రాయండి. గుండ్రాళ్లను పేల్చే అంతరిక్ష గేమ్ చాలు. లూప్ మీరే రాస్తారు, డెల్టా మీరే కొలుస్తారు, మెమరీ మీరే ఇస్తారు. అది పూర్తయ్యేసరికి పాయింటర్లు, వెక్టర్ల గణితం చేతికొస్తాయి. ఆ తర్వాత, శత్రువుల్ని విడివిడి పాయింటర్లుగా కాకుండా ఒకే వరుసగా మెమరీలో పేర్చి వేగం కొలవండి. మామూలు ప్రాసెసర్ మెమరీని 64 బైట్ల ముక్కలుగా లాక్కుంటుంది. పక్కపక్కన ఉన్న డేటా ఒకే లాగుడులో వచ్చేస్తుంది. ఈ తేడాను స్వయంగా కొలిచి, అంకెలతో చెప్పగలిగేవారికి ఇంటర్వ్యూలో మంచి విలువ ఉంటుంది.

ప్రశ్న: జావా బాగా వచ్చు. మైన్‌క్రాఫ్ట్ జావాలోనే చేశారు కదా, నేనూ దాంతోనే చేయొచ్చా?

జవాబు: చేయొచ్చు. లిబ్‌జీడీఎక్స్ అనే లైబ్రరీ ఉంది, స్లే ద స్పైర్ గేమ్ దానితో చేసిందే. అయితే మైన్‌క్రాఫ్ట్ ఫోన్లలో, కన్సోళ్లలో నడిచే బెడ్‌రాక్ రూపాన్ని సీ ప్లస్ ప్లస్‌లో చేశారన్న సంగతీ గుర్తుంచుకోండి. లిబ్‌జీడీఎక్స్‌లో ఎడిటర్ ఉండదు, లెవెళ్లు అమర్చడానికి టైల్డ్ లాంటి సాధనం వేరే కావాలి. జావా వచ్చినవారికి సీ షార్ప్ రెండు వారాల పని. మీ స్థానంలో ఉన్నవారికి మేము యూనిటీయే చెప్తాం.

ప్రశ్న: బ్రౌజర్‌లో నడిచే గేమ్ కావాలి, డౌన్‌లోడ్ ఉండకూడదు.

జవాబు: జావాస్క్రిప్ట్, ఫేజర్ లైబ్రరీ. వ్యాంపైర్ సర్వైవర్స్ గేమ్‌ను మొదట ఫేజర్‌తోనే చేశారు, తర్వాత యూనిటీకి మార్చారు. మూడు చోట్ల కాలు జారుతుంది. ఫైలు మీద రెండుసార్లు నొక్కి తెరిస్తే బొమ్మలు లోడ్ కావు, బ్రౌజర్ భద్రత ఒప్పుకోదు. మీ కంప్యూటర్‌లోనే చిన్న సర్వర్ నడపాలి, పైథాన్ ఉంటే ఒక్క లైను ఆజ్ఞ. ఆడేవారు ఒకసారి తెరను తాకేదాకా శబ్దం రాదు, అందుకే “మొదలుపెట్టు” అన్న బటన్ తప్పనిసరి. ట్యాబ్ మారిస్తే లూప్ ఆగిపోతుంది, తిరిగొచ్చాక డెల్టా పెద్దదవుతుంది, పైన చెప్పిన హద్దు ఇక్కడా కావాలి. గోడో 4 వాడదలిస్తే వెబ్ కోసం జీడీస్క్రిప్ట్‌లోనే రాయండి. సీ షార్ప్‌లో రాసిన ప్రాజెక్టును అది వెబ్‌కు ఎగుమతి చేయలేదు.

ప్రశ్న: మా అమ్మాయికి పదకొండేళ్లు. గేమ్‌లు చేస్తానంటోంది. ఏమి నేర్పించాలి?

జవాబు: స్క్రాచ్. ఎమ్ఐటీ మీడియా ల్యాబ్ 2007లో విడుదల చేసింది, 8 నుంచి 16 ఏళ్ల పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని చేసినది. దిమ్మెల్ని ఒకదాని కింద ఒకటి అతికిస్తూ పోవడమే, స్పెల్లింగ్ తప్పుల బాధ ఉండదు. వేదిక 480 బై 360, మధ్య బిందువు సున్నా, సున్నా. అక్షాలు, రుణ సంఖ్యలు పాపకు ఆటలోనే అర్థమైపోతాయి. బంతిని పట్టుకునే గేమ్, గడియారంతో పోటీపడే గేమ్, రెండు లెవెళ్లున్న గేమ్, ఈ వరుసలో మూడు పూర్తిచేయనివ్వండి. మధ్యలో మీరు మౌస్ అందుకోకండి. ఒకే దిమ్మెల గుంపును పదిసార్లు కాపీ చేయాల్సి వస్తోందని తనే విసుక్కున్న రోజు, కోడ్ టైపుచేసే భాషకు సిద్ధమైనట్టే.

ప్రశ్న: ఇంజిన్ కంపెనీ మధ్యలో షరతులు మార్చేస్తే మన కష్టమంతా ఏం కావాలి?

జవాబు: న్యాయమైన భయం. యూనిటీ 2023 సెప్టెంబరులో ఇన్‌స్టాల్ లెక్కన రుసుము ప్రకటించింది, ఎందరో డెవలపర్లు ఎదురుతిరిగారు, సరిగ్గా ఏడాదికి, 2024 సెప్టెంబరులో దాన్ని రద్దు చేసుకుంది. గోడో ఎవరైనా ఉచితంగా వాడుకోనిచ్చే ఎమ్ఐటీ లైసెన్సు కింద ఉంది, రాయల్టీ లేదు, ఈ రోజు మీ దగ్గరున్న కాపీని రేపు ఎవరూ వెనక్కి తీసుకోలేరు. అన్‌రియల్‌లో గేమ్ ఆదాయం పెద్ద మొత్తం దాటాకే రాయల్టీ మొదలవుతుంది. ఏది వాడినా గేమ్ నియమాలను ఇంజిన్ ఫంక్షన్లతో కలగలపకుండా వేరే ఫైళ్లలో ఉంచండి. శత్రువుల బలం, ఆయుధాల నష్టం, సంభాషణలు జేసన్ ఫైళ్లలో (డేటా దాచే మామూలు టెక్స్ట్ ఫైళ్లలో) పెట్టండి. ఇంజిన్ మారాల్సి వస్తే అవి అలాగే వెంట వస్తాయి.

ప్రశ్న: ఏడాదిలో నాలుగు భాషలు మార్చాను. ఒక్క గేమూ పూర్తికాలేదు. ఇప్పుడు రస్ట్ మంచిదంటున్నారు. మారమంటారా?

జవాబు: వద్దు. రస్ట్ మంచి భాషే, మెమరీ తప్పుల్ని కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలరే పట్టేస్తుంది. అయితే గేమ్‌లో శత్రువు ఆటగాణ్ని చూడాలి, ఆటగాడు ఆయుధాన్ని, ఆయుధం శత్రువును మార్చాలి. ఇలా ఒకదాన్నొకటి పట్టుకుని ఉండే వస్తువుల్ని రస్ట్ నేరుగా ఒప్పుకోదు, వేరే పద్ధతిలో ఆలోచించాలి. దాని బెవీ ఇంజిన్ వెర్షన్ మారినప్పుడల్లా కోడ్ సవరించుకోవాల్సి వస్తుంది. పూర్తిచేసిన గేమ్ ఒక్కటీ లేని స్థితిలో ఇది ఐదో మలుపు అవుతుంది.

మారడానికి మేము ఒప్పుకునే కారణాలు మూడే. మీ గేమ్ నడవాల్సిన పరికరానికి ఇప్పటి ఇంజిన్ ఎగుమతి చేయలేకపోవడం. ప్రొఫైలర్‌లో కొలిచి, పద్ధతి మార్చి చూసి, ఇంకా గడువు దాటుతోందని తేలడం. మీరు చేరిన బృందం వేరేది వాడడం.

మీ నాలుగు ప్రాజెక్టుల్లో అన్నిటికంటే ముందుకెళ్లినది తెరవండి. దాని భాష ఏదైతే అదే మీ భాష. చేయాల్సినవన్నీ కాగితం మీద రాయండి. వాటిలో ఒక లెవెల్, ఒక శత్రువు, గెలుపు తెర, ఓటమి తెర, మళ్లీ ఆడే బటన్, ఈ ఐదూ ఉంచి మిగతావి కొట్టేయండి. మళ్లీ ఆడే బటన్‌ను మొదట చేయండి. స్కోరు, ప్రాణాలు, టైమర్లు ఎక్కడెక్కడ చెల్లాచెదురుగా దాచారో, వాటిలో ఏవి తిరిగి మొదటి విలువకు రావడం లేదో ఆ ఒక్క బటనే బయటపెడుతుంది. పని చేసిన ప్రతి పూటా, కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో ఒక కమిట్ (అప్పటి రూపం నకలు) పెట్టండి. యూనిటీ అయితే లైబ్రరీ ఫోల్డర్‌ను గిట్‌లోకి రానీయకండి, అది ఇంజిన్ మళ్లీ తయారుచేసుకోగలిగినదే, పైగా చాలా పెద్దది. ప్రతి ఫైలు పక్కన యూనిటీ తయారుచేసే మెటా ఫైళ్లను మాత్రం తప్పకుండా చేర్చండి. అవి పోతే బొమ్మలకూ స్క్రిప్టులకూ మధ్య లంకెలన్నీ తెగి, సీన్ తెరిచిన చోటల్లా “మిస్సింగ్” అని కనిపిస్తుంది.